కసామా లారీలో సౌండు సెట్టు

కిట్వే, చిమ్వెమ్వె
12 అక్టోబరు 1997

తమ్ముడు లొంబెకి, మీ అక్క కటోంగో.

ఒంట్లో బాగానే ఉన్నాను. ఎండలు మాత్రం మండిపోతున్నాయి. వాన వస్తుందనే ఆశతో ఎదురింటివాళ్లు అప్పుడే మొక్కజొన్నకి మళ్లు తవ్వి కూర్చున్నారు. నేనేమో ఒక చోట కూర్చోలేకపోతున్నాను. టీ పెట్టుకుంటాను, తాగడం మరిచిపోతాను.

మొన్న మీ బావ పెద్దన్న ముబాంగా గారు వచ్చారు. ముందు గదిలో కూర్చోమంటే కూర్చోలేదు. సరాసరి వెనక గదిలోకి వెళ్లి ర్యాకు చుట్టూ తిరిగారు. నీకు గుర్తుండే ఉంటుంది, మీ బావ యాంప్లిఫయర్లు, ఈక్వలైజరు, ఎకో మిషను అన్నీ ఒకదాని మీద ఒకటి మరలతో బిగించి పెట్టిన నిలువు పెట్టె. వేలితో దుమ్ము తుడిచి చూశారు.

"ఇవి పనిచేస్తున్నాయా?"

"చేస్తున్నాయి బావగారూ. పోయిన ఆదివారం కూడా చర్చిలో వాడాను."

"వాడావా? ఎవర్నడిగి వాడావు?"

ఆయనే అన్నారు: "పిల్లాపాపా లేని ఇల్లు. మా తమ్ముడి కష్టం మా అమ్మ ఇంటికి చేరాలి. మంచిరోజు చూసుకుని వస్తాం."

మీ బావ సాంపా కష్టమట! పెళ్లిళ్లకీ, సభలకీ, ఫుట్‌బాల్ ఆటలకీ పికప్ వెనకాల వైర్ల చుట్టల మీద కూర్చుని వెళ్లింది ఎవరు? ఏ మైకు ఎక్కడ పెట్టాలో, ఏ మీట ఎంత తిప్పాలో ఆయన పోయాక నాకెవరైనా కొత్తగా నేర్పారా? భార్యకి వాటా ఉందని చట్టం చేశారని రేడియోలో చెబుతూనే ఉంటారు. ముబాంగా గారి ఇంట్లో రేడియో లేదేమో.

అందుకని అడుగుతున్నాను. మీ ఇంట్లో ఆ పక్కగది ఖాళీగానే ఉందా? సబ్బులూ ఉప్పూ వేసుకుని డ్రైవరు సివాలే లారీ అప్పుడప్పుడు కసామా వస్తుంది. సెట్టు మొత్తం అందులో వేస్తే నీ దగ్గర దింపుకోగలవా? మీ ఆవిడ చిలెషెని కూడా అడిగి రాయి. ఉత్తరం బస్సు కండక్టరు చేతికే ఇవ్వు, పోస్టులో వేయకు.

మీ అక్క
కటోంగో


కసామా
18 అక్టోబరు 1997

అక్కా,

నీ ఉత్తరం చదివి ఎగిరి గంతేశాను. చిలెషె చేతిలో చిక్కుడుగింజల చేట కింద పడింది, ఇంకా ఏరుకుంటోంది, నన్ను తిట్టుకుంటూనే.

గది ఖాళీయే. సైకిళ్ల సామాను ఉండేది, బయట పడేశాను. గని ఉద్యోగం పోయి ఇక్కడికి వచ్చాక చేతిలో ఒక పని అంటూ నిలవలేదని నీకు తెలుసు. ఈ ఊళ్లో మంచి సౌండు సెట్టు ఒక్కటీ లేదు. పెళ్లిలో ఎవడో కారు స్పీకరు తెచ్చి కుర్చీ మీద పెడతాడు. జనం దాని చుట్టూ చలిమంటకి కూర్చున్నట్టు కూర్చుంటారు. మన సెట్టు దిగితే చూడు!

ఎలా కట్టాలో చెబుతాను విను. ర్యాకులోంచి అన్నీ విప్పెయ్యి. ఒక్కోదాన్ని ఒక్కో అట్టపెట్టెలో గడ్డి పరిచి పెట్టు, గాజుగ్లాసులు పెట్టినట్టు. గనిలో మీటర్లు అలాగే పంపేవాళ్లం. ఒక్కటీ పగల్లేదు.

నువ్వు రానక్కర్లేదు అక్కా. సామాను పంపు, చాలు. అంత దూరం లారీలో కూర్చుంటే నడుం విరుగుతుంది. సివాలేకి నేను తెలుసు. దింపుకోవడం నా పూచీ.

ఆ ముబాంగా ఎప్పుడూ అంతే. మీ పెళ్లిలో కూడా కోడి కూర ఎంత ఉందో చూడ్డానికి వంటింట్లోకి వచ్చాడు.

లొంబె


కిట్వే
25 అక్టోబరు 1997

తమ్ముడూ,

నువ్వు రానక్కర్లేదు, సామాను పంపు చాలు అని రాశావు. మంచిది. చదివి మడిచి పెట్టుకున్నాను. ఇక ఆ మాట ఎత్తను.

కట్టడం గురించి నీకు తెలియదు కాబట్టి రాస్తున్నాను. గడ్డి పనికిరాదు. గడ్డి నూగు ఫ్యానుల్లో దూరితే మిషను వేడెక్కి మాడిపోతుంది. పైగా అన్నీ విప్పితే వెనకాల వైర్లన్నీ ఊడతాయి, మళ్లీ కలపాలంటే నువ్వు దేవుణ్ణి పిలవాల్సిందే. మీ బావ దూరం వెళ్లేటప్పుడు ఇలా చేసేవాడు. తేలికవి, అంటే ఈక్వలైజరు, ఎకో మిషను లాంటివి, ర్యాకులోనే ఉంచేవాడు. బరువైన రెండు యాంప్లిఫయర్లు మాత్రం విప్పి వేరే చెక్కపెట్టెల్లో పెట్టేవాడు. వాటికి ముందు రేకుకి రెండు పక్కలా చెవులుంటాయి, మరలు బిగించేది ఆ చెవులకే. వెనకాల ఆసరా ఏమీ ఉండదు. గుంతల్లో లారీ ఎగిరినప్పుడల్లా ఆ బరువంతా రెండు చెవుల మీదే వేలాడుతుంది. సంచి నిండా రాళ్లు వేసి చెవులు పట్టుకుని నిన్ను లేపితే నీకెలా ఉంటుంది? అలాగ.

అందుకే వడ్రంగికి రెండు పెట్టెలు పురమాయించాను. లోపల వేయడానికి నా పరుపు కోశాను. సగం పరుపు మీద పడుకుంటున్నాను. కాళ్లు నేల మీద, తల పరుపు మీద. పాత లారీ ట్యూబు చీరి ర్యాకు కిందకి రబ్బరు పట్టీలు కూడా చేశాను. ప్రతి వైరుకీ రెండు కొసలా గుడ్డ కట్టి గుర్తులు రాశాను. మైకులు మేజోళ్లలో చుట్టాను, ఆయన మేజోళ్లే. ర్యాకు ఎప్పుడూ నిలబెట్టే ఉంచాలి, పడుకోబెట్టకూడదు. లారీలో డ్రైవరు గదికి ఆనించి కట్టాలి, వెనక చక్రాల మీద కాదు. ఇదంతా సివాలేకి చెప్పాను. "అమ్మా, ఇది సామానా, పెళ్లికూతురా?" అన్నాడు.

వడ్రంగి పది రోజులు అడిగాడు. ఆలోగా ముబాంగా గారు రాకుండా ఉంటే చాలు.

కటోంగో


కసామా
30 అక్టోబరు 1997

అక్కా,

నీకు కోపం వచ్చిందని అక్షరాలే చెబుతున్నాయి. నేనన్నది నీ నడుం గురించి, నీ గురించి కాదు. చిలెషెని అడిగితే తనూ అదే అంది: ఆ గదిలో మిషన్లే పడతాయి, వదిన పడుకునేదెక్కడ అని. నువ్వు ఒక వారం చుట్టపుచూపుగా వస్తానంటే వేరే సంగతి, ఎప్పుడైనా రా, నీ ఇల్లే.

ఇప్పుడు అసలు సంగతి. పదిహేనో తారీఖు శనివారం పెద్దచర్చి మైదానంలో చుట్టుపక్కల ఊళ్ల పాటల బృందాలన్నీ పోటీకి వస్తున్నాయి. సౌండు మనదే అని మాటిచ్చేశాను. పెద్ద ఫాదరు గారికే ఇచ్చాను. కాబట్టి వడ్రంగి కోసం ఆగకు. నువ్వు రాసినదంతా నిజమే కావచ్చు, కానీ ఆ యాంప్లిఫయర్లు మీ పికప్‌లో ఊరూరా తిరిగాయి కదా, ఎప్పుడైనా ఊడాయా? మరలు గట్టిగా బిగించి అలాగే పంపించు. వెనకాల చెక్కదిమ్మలు పెట్టు, సరిపోతుంది. అతి జాగ్రత్త వల్ల పనులు చెడతాయి.

ఇక్కడ వాన ఒక జల్లు పడింది. ఇంటెనకాల ఉసిళ్లు లేచాయి, వేయించుకు తిన్నాం. నీకిష్టం కదా అనుకున్నాను.

త్వరగా, అక్కా, త్వరగా.

లొంబె


కిట్వే
5 నవంబరు 1997

లొంబె,

ఈసారి తమ్ముడూ అని రాయలేదు, చూసుకో.

నీ ఉత్తరం ఇస్తూ కండక్టరు నవ్వుతూ అన్నాడు: "మీ తమ్ముడు పెద్దమనిషి అయిపోయాడమ్మా. మార్కెట్టు దగ్గర నీలంరంగు బోర్డు పెట్టాడు. లొంబె సౌండ్ అని. పక్కన మైకు బొమ్మ కూడా గీయించాడు."

నేను వాడికి టీ ఇచ్చి పంపించాను. తర్వాత వెనక గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాను. ముబాంగా గారు కనీసం నా ఇంటికొచ్చి, నా ముఖం చూసి, ఇవి మావి అన్నారు. నువ్వు నాకు తెలియకుండా బోర్డు మీద రాయించావు. సామాను పంపు చాలు, నువ్వు రానక్కర్లేదు, గదిలో చోటు లేదు. ఇప్పుడు అన్నీ కలిపి చదువుకుంటే అర్థమవుతోంది.

అయినా పంపక తప్పదు. శనివారం వ్యాను తీసుకుని వస్తున్నామని ముబాంగా గారు కబురు పెట్టారు. వడ్రంగి పెట్టెలకి ఇంకా మూతలు లేవు, అడుగులు లేవు. సివాలే లారీ రేపే బయల్దేరుతోంది. నువ్వు చెప్పినట్టే యాంప్లిఫయర్లు ర్యాకులోనే ఉంచి, వెనకాల దిమ్మలు దూర్చి, పరుపు ముక్కలు కుక్కి, నడుముకి చుట్టుకునే చితెంగె గుడ్డలతో కట్టేశాను. నా చేతులు ఆ పని చేస్తున్నంతసేపూ ఒప్పుకోలేదు.

పంపడం లేదు, నేనే తెస్తున్నాను. ఇంటి తాళం ఇంటివాళ్లకి ఇచ్చేశాను. చోటు లేకపోతే ర్యాకు పక్కన నిలబడతాను.

కటోంగో


మ్పికా
9 నవంబరు 1997

లొంబె,

ఎదురుచూడకు. మేం దారిలో మ్పికాలో ఆగిపోయాం.

సెరెంజె దాటాక రోడ్డు మీద ఒక పెద్ద గుంతలో లారీ ధడేలున పడింది. నేను డ్రైవరు గదిలో ఉన్నాను, తల పైకప్పుకి కొట్టుకుంది. వెనకాల ఏదో లోపలినుంచి పలికింది. ఇనుము ఇనుమును కొట్టిన చప్పుడు, ఒక్కసారే. ఆ చప్పుడు నాకు తెలుసు. "ఆపు, ఆపు" అని అరిచాను. "అమ్మా, కొండ దిగుతున్నాం, ఇక్కడ ఆపితే మనమే దిగిపోతాం" అన్నాడు సివాలే. అక్కణ్ణించి ఈ ఊరు వచ్చేదాకా కూర్చున్న చోట కూర్చోలేదు. మ్పికాలోకి వచ్చేసరికి లారీ ఇరుసే విరిగింది. కొత్తది కపిరి నుంచి రావాలట. ఎప్పుడో తెలియదు.

వాన మొదలైంది. లారీ మీద గుడ్డకి చిల్లులు. సివాలే ఆదరాబాదరాగా నలుగుర్ని పిలిచి, చర్చి వరండాలోకి అన్నీ చేర్పించాడు. ఆ చర్చి వంటిల్లు చూసుకునే ఒక పెద్దావిడ ఉంది. చిటాలు వాళ్లమ్మ అంటారందరూ. నన్ను చూసి, "ముందు నువ్వు తుడుచుకో తల్లీ, ఇనప్పెట్టెకి జలుబు చేయదులే" అంది. "చేస్తుందమ్మా" అన్నాను. ఆవిడ నవ్వింది, నేను ఏడ్చాను.

తర్వాత విప్పి చూశాను. దిమ్మ జారిపోయింది. కింది యాంప్లిఫయరు చెవులు రెండూ వంగి, మరలతో సహా చిరిగాయి. లోపల ట్రాన్స్‌ఫార్మరు ఊడి సర్క్యూటు బోర్డులన్నీ పగలగొట్టింది. అది ఇక లేవదు. పైది బతికే ఉందనుకుంటున్నాను. చెమ్మ ఆరేదాకా కరెంటు ఇవ్వను.

నీ మాట విన్నందుకు నిన్ను తిట్టాలని ఉంది. విన్నది నేనే కదా, అందుకని ఊరుకుంటున్నాను.

కటోంగో


కసామా
13 నవంబరు 1997

అక్కా,

నిన్న ఉదయం గేటు దగ్గర కుక్క అరిస్తే నువ్వే అనుకుని పరిగెత్తాను. ముబాంగా! సంచి ఒకటి భుజాన, బూట్ల నిండా బురద. "మా మరదలు ఎక్కడ?" అన్నాడు. అప్పట్నుంచి పొద్దుగూకేదాకా మా అరుగు మీద కూర్చున్నాడు. న్షీమా ముద్ద పెడితే తిన్నాడు, రెండోసారి కూడా వడ్డించుకున్నాడు. "శనివారం వెళ్తే ఇల్లు ఖాళీ. దొంగలా పారిపోయింది. మేమేం అడిగాం? మా అమ్మ తన కొడుకు టోపీ అడిగింది. ఆ టోపీ కోసం వెళ్లాం" అన్నాడు. నిజంగా కళ్లు తడిచేసుకున్నాడు. చిలెషె కూడా కరిగిపోయింది. అక్కా, మనం తొందరపడ్డామేమో?

బోర్డు గురించి. నీ పేరు రాయిస్తే ముబాంగా మనుషులు చూస్తారని నా పేరు రాయించాను. ఇది నిజం. ఇంకో నిజం కూడా ఉంది. గని నుంచి పంపేశాక ఎక్కడా నా పేరు లేదు, హాజరుపట్టీలో కూడా. పెయింటరు "ఏ పేరు?" అనగానే నోట్లోంచి అదే వచ్చింది. ఎండలో మెరుస్తుంటే బాగుంది. అంతే.

శనివారం సంగతి ఏం చెయ్యను? ఫాదరు గారికి ముఖం చూపించలేక రెండు రోజులుగా పొలానికి అడ్డదారిన వెళ్తున్నాను. ఒక యాంప్లిఫయరు ఉన్నా చాలు. ఇంకో లారీ వెతుకుతున్నాను. నువ్వు అక్కడే ఉండు, ఎవరికీ ఏదీ ఇవ్వకు, ఏదీ ఆన్ చేయకు.

లొంబె


మ్పికా
19 నవంబరు 1997

తమ్ముడూ,

టోపీ తీసుకెళ్లడానికి వ్యాను ఎందుకో ముబాంగా గారిని అడిగావా?

ఆన్ చేయకు అన్నావు. నీ ఉత్తరం వచ్చేసరికే చేసేశాను. ఎందుకో విను.

ఈ ఊళ్లో ఒక పాత మంత్రసాని పోయింది. సగం ఊరు ఆవిడ చేతుల్లోనే పుట్టిందట. జనం చర్చి దాటి, రోడ్డు దాటి, రైలుకట్ట దాకా నిలబడ్డారు. వాన, గొడుగులు. ఫాదరు గొంతు మూడో వరసకే చేరడం లేదు. వెనకవాళ్లు "ఏమన్నారు? ఏమన్నారు?" అని అడుగుతుంటే ముందువాళ్లు వెనక్కి తిరిగి చెబుతున్నారు, వాళ్లు ఇంకోలా, ఆ తర్వాతివాళ్లు మరోలా. చిటాలు వాళ్లమ్మ వరండాలోకి వచ్చి, ర్యాకునీ నన్నూ మార్చి మార్చి చూసింది. "ఇది మాట్లాడుతుందా?" అంది.

నాకు మీ బావ మట్టికి వెళ్లిన రోజు కళ్లముందు నిలిచింది. ఊరందరి చావులకీ మైకు పెట్టిన మనిషి. ఆ రోజు ముబాంగా గారు వెనక గదికి తాళం వేసి, సామాను ఎవరూ ముట్టుకోవద్దన్నారు. పాస్టరు ఏం చెప్పాడో నాకే వినపడలేదు, శవపెట్టె పక్కనే ఉన్నాను.

ముందురోజే ర్యాకుని కుంపటికి కాస్త దూరంలో పెట్టి ఆరబెట్టాను. ఫ్యూజులు తీసి తుడిచి మళ్లీ పెట్టాను. వదులైన ప్రతి మరా బిగించాను. పాడైనది విప్పి పక్కన పెట్టి, రెండు స్పీకర్లు మాత్రం బతికినదానికి కలిపాను. చర్చి జనరేటరుకి తగిలించి మీట నొక్కాను. ఎర్రలైటు వెలిగింది. స్పీకర్లోంచి సన్నగా ఆ గుయ్‌మనే చప్పుడు. లొంబె, ఆ చప్పుడు మా ఇంట్లో పొద్దున్నే మొదట వినపడేది.

పోయినావిడ చెల్లెలు మాట్లాడతానంది. చాలా ముసలిది, గొంతు పిచ్చుక గొంతు. మైకు నోటికి దగ్గరగా పట్టుకుని నేనే పక్కన నిలబడ్డాను. "మా అక్క ఒక్క బిడ్డనీ పేరు లేకుండా ఇంటికి పంపలేదు" అందావిడ. రైలుకట్ట మీది మనుషులు కూడా తలలూపారు. ఎవరూ వెనక్కి తిరిగి అడగలేదు.

ఆ తర్వాత వరసగా ముగ్గురు వచ్చి అడిగారు. ఒక పెళ్లి, ఒక బడి పండగ, టమాటాలమ్మే ఆడవాళ్ల మీటింగు. ఇరుసు వచ్చింది. సివాలే రేపు కసామా బయల్దేరుతున్నాడు. నేను ఈ వారం ఎక్కడం లేదు.

కటోంగో


కసామా
24 నవంబరు 1997

అక్కా,

ఈ వారం ఎక్కడం లేదంటే వచ్చేవారం ఎక్కుతున్నావనేనా? సరిగ్గా రాయి. సివాలే వచ్చి ఉప్పు బస్తాలు దించాడు. లారీ గుడ్డ ఎత్తి చూశాను, ఎందుకో. వెనకాల ఏమీ లేదు.

పోటీ అయిపోయింది. బృందాలన్నీ గొంతులు చించుకున్నాయి. న్యాయనిర్ణేతలు చెవుల దగ్గర చేతులు పెట్టుకుని విన్నారు. ఇప్పుడు మార్కెట్లో నన్ను చూస్తే కూరగాయలవాళ్లు మాట్లాడకుండా నోళ్లు మాత్రం ఆడిస్తున్నారు. ఏంటని అడిగితే "లొంబె సౌండ్" అంటున్నారు. చిలెషె కూడా ఒకసారి చేసింది. నేను రెండు పూటలు అన్నం మానేశాను, ఎవరూ గమనించలేదు.

మ్పికాలో నీకెవరున్నారు? ఒక వంటావిడా, ఒక వరండానా? కిట్వేలో అత్తింటివాళ్లు ఉన్నారు, ఇక్కడ నేనున్నాను. మధ్యలో రోడ్డు మీద ఆగిపోయి ఇదే ఊరంటే ఎలా? గది ఖాళీగానే ఉంది. నీకు మంచం కూడా వేశాను. చిలెషె దుప్పటి కుట్టింది. చోటు లేదన్న మాట తప్పు, ఒప్పుకుంటున్నాను.

ముబాంగా ఇంతకాలం ఇక్కడే వాళ్ల బంధువుల ఇంట్లో ఉన్నాడు. సివాలే నోరు జారాడు, నువ్వు మ్పికాలో ఉన్నావని చెప్పేశాడు. శుక్రవారం బస్సుకి అక్కడికి వస్తున్నాడట. నువ్వు ఒక్కదానివే ఉన్నావు. చర్చి వాళ్లకి ముందే చెప్పి ఉంచు. నాకు కాలు నిలవడం లేదు.

లొంబె


మ్పికా
3 డిసెంబరు 1997

తమ్ముడు లొంబెకి,

నేను క్షేమం. సామాను క్షేమం. ముబాంగా గారు కూడా క్షేమంగానే వెళ్లారు.

శనివారం బడి మైదానంలో పెళ్లి. నేను మిక్సరు దగ్గర ఉన్నాను. అందరూ పాటకి ఆడుతున్నారు. తలెత్తి చూసేసరికి ఎదురుగా ఆయన. ఏదో అన్నారు, పాటలో వినపడలేదు. "ఏంటి బావగారూ?" అన్నాను. మళ్లీ అరిచారు. అలా అరుస్తుంటే నేను టక్కున సౌండు తగ్గించాను. కావాలనే. "ఇవన్నీ మావి!" అన్న మాట మైదానమంతా వినపడింది. ఆడేవాళ్లు ఆగి చూశారు. పెళ్లికొడుకు తాత లేచి నిలబడ్డాడు.

చిటాలు వాళ్లమ్మ చేతిలో గరిటెతోనే వచ్చింది. "ఏవి మీవి నాయనా? పెళ్లికూతురా?"

అందరూ నవ్వారు. ఆయన ముఖం చూసి నాకే జాలేసింది. పాట మళ్లీ పెంచి, తిండి దగ్గరకి తీసుకెళ్లాను. న్షీమా, కోడి కూర, గొంగళిపురుగుల వేపుడు పెట్టించాను. తిన్నాక చెప్పాను. "బావగారూ, కోర్టు అదుగో, ఆ కనపడే పసుపు మేడ. సోమవారం తెరుస్తారు. నా పెళ్లి కాగితం నా దగ్గరుంది. మీ అమ్మగారి వాటా ఎంతో వాళ్లే చెబుతారు, అంతా ఇస్తాను. ఇద్దరం వెళ్దాం." ఆయన ఆ మేడ వైపు చూశారు కానీ లేవలేదు. చాలాసేపు ఎముక నమిలారు.

"ఇంటికి వట్టి చేతులతో ఎలా వెళ్లను?" అన్నారు చివరికి. "అందరూ ఉన్న అరుగు మీద నిలబడి, తెస్తాను అని బయల్దేరాను."

లొంబె, ఆ మాట విన్నాక నువ్వు గుర్తొచ్చావు, నీ బోర్డు. నవ్వొచ్చింది కూడా.

టోపీ ఇచ్చాను. నిజంగానే అది నా దగ్గర ఉంది. తర్వాత పాడైన యాంప్లిఫయరు చూపించాను. "ఇది పనిచేయదు బావగారూ. ఇక ఎప్పటికీ పనిచేయదు. ముందే చెబుతున్నాను."

ఆయన రెండు చేతులతో లేపి చూశారు. "బరువుగా ఉంది కదా" అన్నారు. "చాలు."

దాన్ని ఈసారి పద్ధతిగా కట్టాను. ఊడిన ట్రాన్స్‌ఫార్మరు వేరే తీసి గుడ్డలో చుట్టాను. ఇక్కడి వడ్రంగి పెట్టె చేశాడు, అడుగూ మూతా రెండూ ఉన్నాయి. నాలుగు వైపులా పరుపు ముక్కలు, అడుగున రబ్బరు. పైన బాణం గుర్తు గీసి, నిలబెట్టే తీసుకెళ్లమన్నాను. బస్సు మీదకి ఎక్కించనివ్వలేదు ఆయన. కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నారు. బస్సు కదిలేదాకా దాని మీద చెయ్యి తీయలేదు. సాంపా ఆయనకి తమ్ముడు అని నాకు అప్పుడే, మొదటిసారి, అనిపించింది.

ఇక నీ ప్రశ్న. వచ్చేవారం ఎక్కడం లేదు. ఆ తర్వాత కూడా ఎక్కను. నీ మంచం మీద కోపం లేదు, చిలెషె దుప్పటి మీద అసలే లేదు, పండక్కి వచ్చి కప్పుకుంటాను. మ్పికాలో ఎవరున్నారు అని అడిగావు. ఎవరూ లేరు. ఇవి ఎవరి సామాను అని ఇక్కడ ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. ఎప్పుడు ఖాళీ అనే అడుగుతున్నారు. రైల్వే క్వార్టర్ల వెనకాల రెండు గదుల ఇల్లు తీసుకున్నాను. ఒక గదికి వాన కారదు, ర్యాకు అందులో. నేను రెండో దాంట్లో, గిన్నెలతో.

నీకు పని కావాలంటే రా. చిలెషెని అడిగి రా. పని నా దగ్గర, జీతం నేనిస్తాను, మైకు ఎక్కడ పెట్టాలో నేను చెబుతాను, నువ్వు వింటావు. ఈ షరతులకి నీకు కోపం వస్తే రెండు రోజులు పొలంలో తిరిగి, తర్వాత రా. ఆదివారం చిన్సాలి దారిలో ఒక ఊళ్లో పని ఒప్పుకున్నాను. పికప్ మాట్లాడాను. ర్యాకుకి రెండు పక్కలా పిడులున్నాయి. ఒక పక్క నేను లేపుతాను.

అక్క
కటోంగో